ఇతరములు: 5,000

ఒడిశాలోని మన బరంపురంలో ఈ మధ్య ఓ ప్రమాదకరమైన అలవాటు మొదలైంది. కొందరు కుర్ర ఇంజినీర్లు పాత ఇంటి రిపేరుకి నిజమైన అంచనా వేసి ఇస్తున్నారు. గది గదికీ టేపు పెట్టి కొలుస్తారట. తాపీ పిడితో గోడ తట్టి, డొల్లగా మోగినచోటల్లా సుద్దముక్కతో గుర్తు పెడతారట. పైగా చివర్లో అనుకోని ఖర్చులకని పది పదిహేను శాతం కలుపుతారట. అలాంటి కాగితం చేతికందిన ఇళ్లలో గోడకి సున్నం కూడా పడటం లేదు. ఇలాగైతే మేస్త్రీలు, టైల్స్ కొట్లవాళ్లు, ఇసుక ట్రాక్టర్లవాళ్లు ఏమైపోవాలి? మన సంప్రదాయ అంచనాను కాపాడుకోవలసిన బాధ్యత అందరి మీదా ఉందని మనవి.

సంప్రదాయ అంచనా శుభలేఖ వెనకాల రాస్తారు. టైల్స్, సిమెంటు, ఇసుక, కూలి, రంగులు. అట్టడుగున "ఇతరములు: 5,000". వెరసి రెండు లక్షలు. మన మేస్త్రీ చెవి మీది పెన్సిలు సర్దుకుని "అయిపోద్ది బాబూ" అంటాడు. ఒడియా మేస్త్రీ అయితే "హెబొ, హెబొ" అంటాడు. ఇందులో మాత్రం రెండు భాషలవాళ్లకీ ఏ పేచీ లేదు. ఆ రెండు లక్షలు ఎలా వచ్చాయని అడిగేవాళ్లు అమాయకులు. ఇంట్లో పెద్దాయన "సరే, కానివ్వండి" అనగలిగే అంకె ఎంతో ముందు కనిపెట్టి, సిమెంటు బస్తాల్ని అందులో ఇరికిస్తారు.

పన్నెండు బై పన్నెండు గది తీసుకోండి. 144 చదరపు అడుగులు. రెండడుగుల టైల్స్ పెట్టెకి నాలుగు, అంటే 16 అడుగులు. తొమ్మిది పెట్టెలు, శేషం సున్నా! లెక్క ఇంత ముచ్చటగా తేలాక, గోడ వారన స్కర్టింగ్‌ పట్టీకి ఇంకో 15 చదరపు అడుగులు కావాలనీ, కోతల్లో ఐదారు శాతం పోతుందనీ, అసలు కావలసినవి పదకొండు పెట్టెలనీ చెప్పడం అమర్యాద. ఆ రెండు పెట్టెల కోసం తర్వాత కొట్టుకి వెళ్తే ఆ బ్యాచ్ అయిపోయి ఉంటుంది. కొత్త బ్యాచ్ ఓ పిసరు పసుపు తిరిగి ఉంటుంది. ఏం పర్లేదు, మంచం కింద వేయించేయండి.

పాత గచ్చు తవ్వకుండా దాని మీదే టైల్స్ పరిస్తే కూలి మిగులుతుందన్నది మరో పొదుపు. సిమెంటు మాలూ టైలూ కలిసి నేల రెండంగుళాలు లేస్తుంది. తలుపు తెరుచుకోదు. వడ్రంగి వచ్చి అడుగున చిత్రిక పడతాడు. అప్పుడు చెక్కలో చెదలు బయటపడతాయి. తలుపు మారుతుంది. కొత్త తలుపు పక్కన పాతవి వెలవెలబోతున్నాయని అన్నిటికీ పాలిష్ పెట్టిస్తారు. పాలిష్ ముందు గోడ రంగు మాసినట్టుంటుంది, గీకబోతే ఉప్పు పట్టిన పూత పెచ్చులు పెచ్చులుగా చేతికొస్తుంది. ఇదంతా ఏ పద్దులో రాయాలి? ఇతరములు. తీసిన రబ్బిషు ఎత్తించిన ట్రాక్టరు కూడా అందులోకే. ఐదు వేలకి ఇంత విశాల హృదయం ఇంకెక్కడా చూడం.

పన్నులు తగ్గినా అంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. మా వీధిలో ఒకరు ఆ మిగిలే డబ్బుతో వంటగట్టుకి గ్రానైట్ అనుకున్నారు. గ్రానైట్ వచ్చేసింది, మిగులు ఇంకా రావాలి.

సరిహద్దులో ఉన్నందుకు మనకో ప్రత్యేక సౌకర్యం ఆంధ్ర వైపున్న ఇచ్ఛాపురం. అక్కడ అన్నీ చవక అన్న నమ్మకం తాతల నాటిది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి రెండు వైపులా పన్ను ఒకటే చేసినా, మన మనసులోని చెక్‌పోస్టు ఇంకా ఎత్తెయ్యలేదు. పాతిక కిలోమీటర్లు వెళ్లి, బేరమాడి, భోంచేసి, కుళాయిల మీద రెండు వందలు ఆదా చేసి, బండి బాడుగ తొమ్మిది వందలిచ్చి వస్తాం. బాడుగ ఏ పద్దో చెప్పక్కర్లేదు కదా.

ఇంకో సౌకర్యం, రెండు పంచాంగాలు. సంక్రాంతికి శ్రీకాకుళం కూలీలు ఊరెళ్తారు. జూన్‌లో రజో పండుగ మూడు రోజులూ భూమిని తవ్వకూడదని ఒడియా కూలీలు పలుగు ముట్టరు. ఆషాఢంలో మనింటివాళ్లే కొత్త గుమ్మం ఎత్తనివ్వరు. రెండేళ్లకోసారి ఊళ్లో ఠాకురాణి అమ్మవారి జాతర ఉండనే ఉంది. ఇక పైకప్పు పనులన్నీ అక్టోబరు తుపాన్ల ఇష్టం. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ ఆ నెలలోనే వచ్చాయి. పని సాగినన్నాళ్లూ పక్క వీధిలో అద్దె ఇంటి మీటరు తిరుగుతూనే ఉంటుంది. అంచనా వేసిన రోజున మాత్రం అందరం ఒకే పంచాంగం చూస్తాం. అందులో పండుగలే ఉండవు.

ఇది మన వెనకబాటుతనం అని నొచ్చుకోకండి. అమెరికాలో వంటిల్లు బాగు చేయించుకున్నవాళ్లని 2002లో అడిగితే, సగటున 18,658 డాలర్లు అవుతుందనుకుని 38,769 డాలర్లు పెట్టారని తేలింది. అక్కడ శుభలేఖలు కూడా లేవు, పాపం.

మొన్న మా ఎదురింటాయన కొత్త టైల్స్ మీద చెప్పులు విప్పి నడిచి చూసి, మొత్తం ఎంతయింది మాస్టారూ అని అడిగారు. నాలుగు లక్షల డెబ్బై వేలని నోటిదాకా వచ్చింది. లోపల్నుంచి మా ఆవిడ గొంతు వినబడింది: "రెండయిందండీ అన్నయ్యగారూ, ఇంకో ఐదు వేలు అటూ ఇటూ."

సోమవారం వాళ్లింటి ముందు ఇసుక దిగింది.