సవరణ: 21 ప్రశ్నల ఎదుగుదల పట్టికలో మార్కుల లెక్క

కష్టాల నుంచి ఎదగడం గురించిన పుస్తకాల్లో కనిపించే ప్రశ్నల పట్టికపై ముందు పోస్టులో "ఐదు విభాగాల మొత్తాలు పోల్చి, తక్కువ వచ్చినదాని మీద పనిచేయండి" అని ఉంది. ఆ వాక్యాన్ని వదిలేయండి.

మనస్తత్వవేత్తలు రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కల్హౌన్ 1996లో ప్రచురించిన ఈ పట్టిక, ఒక పెద్ద కష్టం వల్ల మనలో ఎంత మార్పు వచ్చిందో అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 5 మార్కులు, మొత్తం 105. విభాగాలు మాత్రం సమానం కావు. తోటివారితో సంబంధాలకు 7 ప్రశ్నలు, కొత్త దారులకు 5, మనోబలానికి 4, బతుకు విలువ గుర్తించడానికి 3, ఆధ్యాత్మిక మార్పుకు 2. ఆధ్యాత్మిక విభాగంలో 10కి 10 వచ్చినవారికి సంబంధాల్లో 14 వస్తే, పైకి రెండోదే ఎక్కువగా కనిపిస్తుంది. నిజానికి అక్కడ సగటు 2 మాత్రమే. విభాగం మొత్తాన్ని దాని ప్రశ్నల సంఖ్యతో భాగించాకే పోల్చాలి.

0 వచ్చిందని కుంగిపోయేవాళ్లున్నారు, అది అన్యాయం. ఆ సంఘటన వల్ల ఈ మార్పు రాలేదని మాత్రమే దానర్థం. మొదటినుంచీ గట్టి మనిషికి మనోబలంలో 0 రావడం సహజమే.

జవాబులిచ్చేటప్పుడు ఒకే సంఘటన మనసులో ఉండాలి. సగం ప్రశ్నలకు ఉద్యోగం పోవడం, మిగతావాటికి నాన్నగారి మరణం తలచుకుంటే ఆ మొత్తానికి అర్థం ఉండదు.

ఈ పట్టిక బాధను కొలవదు. 90 వచ్చినవారికీ నిద్ర పట్టకపోవచ్చు, పీడకలలు రావచ్చు. అలాంటప్పుడు మార్కులు చూసి ఆగిపోకుండా మానసిక వైద్యుల్ని కలవండి. మన దేశంలో ఉన్నవారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.