అసౌకర్యం దానంతటదే కలుగును

ముప్పై ఏళ్లు బడిలో తెలుగు వ్యాకరణం చెప్పి, రిటైరయ్యాక ఓ ఇంటర్నెట్ కంపెనీలో నోటీసులు రాసే పనికి కుదిరాను. పిల్లలు మార్కుల కోసం తప్ప పట్టించుకోని, 'పడింది', 'విరిగింది' లాంటి కర్మ అక్కర్లేని అకర్మక క్రియకు బయట ఇంత గిరాకీ ఉందని అక్కడికి వెళ్లేదాకా నాకు తెలీదు.

చేరిన వారానికే మూడు రోజులు నెట్ పోయింది. 'మీకు కలిగించిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అని రాసి పంపాను. ఎండీగారు పిలిచారు. ఫోన్లో ఆ మాట మీద బొటనవేలు ఆనించి, "మాస్టారూ, ఈ 'కలిగించిన' ఏంటండీ? మనమేదో కావాలని చేసినట్టు లేదూ? 'కలిగిన' అని పెట్టండి చాలు" అన్నారు.

ఒక సున్నా, ఒక 'చి' తీసేశాను. అంతే, అసౌకర్యానికి అమ్మానాన్నా లేకుండా పోయారు. అది ముసురులాగా దానంతటదే కలిగింది, మేము పక్కన నిలబడి చింతిస్తున్నాం. తీసేసిన సున్నా ఆ ఏడాది నాకు ఇంక్రిమెంటుగా తిరిగొచ్చింది. 'చి'ని కస్టమర్లు కాస్త ఒత్తి పలికి వాడుకుంటున్నారు.

తర్వాత పాఠం కర్మణి ప్రయోగం. 'నాచేత అన్నం తినబడింది' అని ఏ పిల్లాడైనా రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ని. ఇప్పుడు ఆ 'బడు'కే జీతం తీసుకుంటున్నాను. ప్లాన్ ధర పెరిగితే 'ధరలు సవరించబడ్డాయి' అనాలి. సవరించడమంటే మా దగ్గర పైకే. పొరపాటున తగ్గితే మాత్రం 'తగ్గించాం!' అని కర్త ఉరుక్కుంటూ వస్తాడు, పక్కన ఆశ్చర్యార్థకంతో సహా.

కంపెనీలు పంపే ఇలాంటి ఎస్సెమ్మెస్‌లు ఏ రకానివో జనానికి తెలియాలని 2025లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఓ ఏర్పాటు చేసింది. పంపినవారి పేరు చివర ప్రచారమైతే పి, సేవకు సంబంధించినదైతే ఎస్, లావాదేవీ అయితే టి, ప్రభుత్వానిదైతే జి ఉంటుంది. 'తప్పు మాదే' అని ఒప్పుకునే సందేశానికి మాత్రం అక్షరం కేటాయించలేదు. అవసరం రాదనుకున్నారు కాబోలు.

ఇక స్టాఫ్ సంగతి. వాళ్ల వాట్సాప్ గ్రూపు పేరు 'మన కుటుంబం'. 2018లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టే సదుపాయం వచ్చింది కదా, అప్పట్నుంచి ఇది నిఖార్సైన కుటుంబం. నాన్నగారు మాట్లాడతారు, మిగతావాళ్లు బొటనవేలు చూపిస్తారు. మొన్న పన్నెండు మందిని తీసేసినప్పుడు నేను ఒక పూటంతా కూర్చుని 'మన సహచరులు కొందరు కొత్త అవకాశాల వైపు సాగిపోయారు' అని రాశాను. చదివి నాకే కళ్లు చెమర్చాయి. వాట్సాప్‌కి ఆ మర్యాద తెలీదు. అడ్మిన్ ఫలానావారిని తీసేశారని, కర్తా కర్మా క్రియతో, దాని కిందే పన్నెండు సార్లు చూపించింది.

మా ఎండీగారిని ఆడిపోసుకోవడం కాదు. ఈ విద్యలో మహామహులున్నారు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు తన కంపెనీ బోర్డుకు ఇంగ్లీషులో రాసిన ఉత్తరమే తీసుకోండి. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని ఒప్పుకున్న ఉత్తరమది. కంపెనీల ఉత్తరాల్లో అంతకంటే నిజం చెప్పింది నేను చదవలేదు. అందులోనూ అసలు లాభానికీ, పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య తేడా చిన్నగా మొదలై ఏళ్ల తరబడి పెరుగుతూ పోయిందని ఉంది. పెంచానని కాదు, పెరిగిందని. పులి మీద స్వారీ చేస్తున్నట్టుంది, దిగితే తినేస్తుందన్న మనిషి కూడా అకర్మకాన్ని మాత్రం వదల్లేదు.

నిన్న ఎండీగారు మళ్లీ పిలిచారు. మొహం కందగడ్డలా ఉంది. మూడు నెలల బాకీ కట్టమని మేము పంపిన నోటీసుకు ఓ కస్టమర్ జవాబిచ్చాడు:

'బిల్లు చెల్లించబడలేదు. కలిగిన ఆలస్యానికి చింతిస్తున్నాను. మీరు నాకు ఎంతో విలువైన కంపెనీ.'

"చెల్లించబడకపోవడం ఏంటండీ మాస్టారూ? కట్టాల్సింది ఈయనే కదా!" అన్నారు ఎండీగారు. "అసలిదేం తెలుగండీ?"