‘ఆరు అణువుల నీరు’ కణంలోకి తేలిగ్గా వెళ్తుందా?

క్షారజల యంత్రాలు అమ్మేవారి సందేశం ఒకటి కుటుంబ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. మామూలు నీటి అణువులు పెద్ద గుంపులుగా ఉంటాయట, అందుకే కణాల్లోకి దూరలేవట. యంత్రం వాటిని ఆరేసి అణువుల గుంపులుగా విడగొడుతుందట. ఆ నీటిని రోజూ నాలుగు లీటర్లు తాగితే రక్తం క్షారంగా మారి, కిడ్నీలు శుభ్రపడతాయట. ఇందులో ఒక్క మాటా నిలవదు.

ముందు గుంపుల సంగతి. నీటి అణువులను కలిపే హైడ్రోజన్ బంధాలు సెకనులో లక్ష కోట్ల వంతు కాలంలోనే తెగిపోయి, మళ్లీ కొత్తగా ఏర్పడుతుంటాయి. యంత్రం ఏ ఆకారం ఇచ్చినా గ్లాసులో పడేదాకా కూడా మిగలదు.

మామూలు నీరు కణంలోకి వెళ్లలేదన్నది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. కణాన్ని చుట్టి ఉండే కణత్వచం రెండు వరుసల ఫాస్ఫోలిపిడ్లతో, అంటే కొవ్వు తోకలున్న అణువులతో, ఏర్పడిన పొర. వాటి తలలు నీటివైపు ఉంటాయి, లోపలికి తిరిగిన కొవ్వు తోకలు నీటిని దగ్గరకు రానివ్వవు. ఆ తోకల మధ్య నుంచి నీరు కొద్దికొద్దిగానే జారుతుంది. వేగంగా వెళ్లడానికి ఆక్వాపోరిన్ అనే ప్రొటీన్ ద్వారాలున్నాయి. 1992లో అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఏగ్రే బృందం ఈ ప్రొటీన్‌ను తయారుచేసే ఆర్‌ఎన్‌ఏను కప్ప అండాల్లోకి ఎక్కించి, వాటిని పలచటి ద్రావణంలో వేసింది. అవి నిమిషాల్లోనే ఉబ్బి పగిలిపోయాయి. ఆర్‌ఎన్‌ఏ ఎక్కించని అండాలు పగలలేదు. రెంటికీ అందింది మామూలు నీరే! ఈ పరిశోధనకు 2003లో ఏగ్రేకు రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది.

ఆ ద్వారం అత్యంత ఇరుకైన చోట వెడల్పు సుమారు 0.28 నానోమీటర్లు. అంటే సరిగ్గా ఒక్క నీటి అణువు పట్టేంత. ఆరు కలిసి వచ్చినా అరవై కలిసి వచ్చినా ఒక్కొక్కటిగా వెళ్లవలసిందే. అలా వెళ్తూనే ఒక్క ద్వారంలో సెకనుకు దాదాపు 300 కోట్ల అణువులు దాటిపోతాయి. ఇంతకన్నా వేగం ఎవరికి కావాలి?

రక్తం క్షారం కావడమన్నదీ అంతే. జీర్ణాశయంలోని ఆమ్లమే ఆ కొద్దిపాటి క్షారాన్ని హరించేస్తుంది. రక్తం పీహెచ్‌ను, అంటే ఆమ్లక్షార స్థాయిని చూపే కొలతను, 7.35 నుంచి 7.45 మధ్య నిలిపేది ఊపిరితిత్తులు, కిడ్నీలు. పైగా ఆక్వాపోరిన్ నడిమధ్యలో నీటి అణువు దిశ తిప్పుకుంటుంది, దాంతో ప్రొటాన్లు (ఆమ్లత్వానికి కారణమయ్యే హైడ్రోజన్ అయాన్లు) ఒక నీటి అణువు నుంచి మరోదానికి దూకి లోపలికి చేరలేవు. నీటికి తెరిచిన ద్వారం ఆమ్లక్షారాలకు మూసే ఉంటుంది.

కిడ్నీల మాటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్లు వడగట్టి, దాదాపు అంతటినీ తిరిగి రక్తంలోకి పంపుతాయి. ఆ పని చేయలేని కిడ్నీలతో డయాలసిస్ మీద ఉన్నవారిలో చాలామందికి డాక్టర్లు తాగే నీటిని కొలిచి మరీ చెబుతారు. వారు ఈ సందేశం నమ్మి నాలుగు లీటర్లు తాగితే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణం మీదికి వస్తుంది.