ముందు తలుపుకు రిబ్బను, వెనక తలుపుకు తాళం

ప్రభుత్వాసుపత్రి అత్యవసర విభాగంలో రద్దీకి కారణం రోగులేనని పెద్దలు ఏనాడో కనిపెట్టారు. వాళ్ళు రావడం మానేస్తే వరండాలో స్ట్రెచర్లు ఉండవు, స్ట్రెచర్లు లేకపోతే ఫొటోలు ఉండవు, ఫొటోలు లేకపోతే సమస్యే ఉండదు. రోగులు ఈ వైద్యానికి సహకరించడం లేదు గనక ప్రస్తుతానికి ముందు తలుపును వెడల్పు చేస్తున్నారు.

ఆ తలుపులోంచి వచ్చిన మనిషి తర్వాత ఎక్కడికి పోతాడన్నది అప్రస్తుతం. ఛాతీనొప్పితో వచ్చినవాడికి 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే సెప్టిక్ షాక్‌లో ఉన్నవాడికి గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కాలి. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందుకు మామూలు గడువు నాలుగున్నర గంటలు. ఇవన్నీ చేయాల్సిన నర్సు, నిన్న రాత్రి అడ్మిషన్ రాసినా వార్డులో చోటు దొరకని 14 మందికి బీపీ చూస్తూ, బెడ్‌పాన్ అందిస్తూ ఉంటుంది. పేరు ఎమర్జెన్సీ, పని వార్డు.

ఇంతకీ వార్డులో ఏం జరుగుతోంది? పదో నంబరు పడక మీది మనిషికి నిన్నే నయమైంది. ఉదయం రౌండ్స్‌లో పెద్ద డాక్టరు ‘ఇంటికి పంపేయండి’ అంటారు. ఆయన ఆ పడక దగ్గరికి వచ్చేసరికి 11 అవుతుంది, ఎందుకంటే రౌండ్స్ ఒకటో నంబరు నుంచే మొదలవ్వాలి. ఇంటికెళ్ళేవాళ్ళను ముందు చూస్తే అంకెలకు అవమానం. ఇంటికి పంపే కాగితం, అదే డిశ్చార్జి సమ్మరీ, రాయాలంటే పొటాషియం రిపోర్టు కావాలి. రక్తం పొద్దున ఆరింటికే తీసి ఉంటే ఈపాటికి వచ్చేసేది; రౌండ్స్‌లో అడిగారు గనక అప్పుడు తీశారు. తొందరలో సన్నటి సూదితో గట్టిగా లాగేసరికి ఎర్రకణాలు చితికాయి. చితికిన కణాల్లోంచి పొటాషియం బయటికొచ్చి లెక్క పెంచేస్తుంది, అందుకని ల్యాబ్ ఆ శాంపిల్ తిప్పిపంపింది. మళ్ళీ తీశారు. మూడింటికి సమ్మరీ, నాలుగున్నరకు మందులు, ఆరింటికి వాహనం, పడక తుడిచి దుప్పటి మార్చేసరికి ఏడు. తిలాపాపం తలా పిడికెడు. ఎవరినడిగినా తన వంతు ఆలస్యం గంటకు మించి లేదంటారు, నిజమే కూడా.

ఇదంతా ముందురోజు సాయంత్రమే చేసుకోవచ్చన్న ప్రమాదకరమైన వాదన ఒకటి ఉంది. రేపు వెళ్ళేవాళ్ళ జాబితా రాసుకోవడం, సమ్మరీ సగం సిద్ధం చేయడం, మందులు కట్టించి ఉంచడం, రౌండ్స్ వాళ్ళతోనే మొదలెట్టడం. వీటికి ఖర్చు లేదు. ఖర్చు లేనిదానికి పద్దు ఉండదు, పద్దు లేనిదానికి శంకుస్థాపన ఉండదు.

లెక్క చూడండి. 300 పడకలు, సగటున 5 రోజుల బస అయితే రోజుకు 60 మందిని చేర్చుకోవచ్చు. ఒక్కొక్కరు పూట ఆలస్యంగా వెళ్ళి బస అయిదున్నర రోజులైతే, అదే 60 మందికి 330 పడకలు కావాలి. అంటే ఎవరూ రిబ్బను కత్తిరించకుండానే 30 పడకల వార్డు మూతపడింది. దాన్ని భర్తీ చేయడానికి పక్కన కొత్త భవనం కడతారు, దానికి మాత్రం కత్తెర దొరుకుతుంది.

నూటికి నూరు పడకలూ నిండి ఉండటం సమర్థతకు గుర్తన్న నమ్మకం ఇంకొకటి. 1909లో ఎర్లాంగ్ అనే డేనిష్ గణితజ్ఞుడు టెలిఫోన్ లైన్ల మీద రాసిన పత్రంతో వరసల లెక్కలు మొదలయ్యాయి. ఒకే కౌంటరున్న సాదా వరసలో, కౌంటరు 80 శాతం సమయం పనిలో ఉంటే నిరీక్షణ ఒక పనికి పట్టే కాలానికి 4 రెట్లు. 90 శాతమైతే 9. 95 శాతమైతే 19. పడకలు ఎక్కువుంటే ఈ వంపు కాస్త మెత్తబడుతుంది, పోదు. కానీ ఖాళీ పడక తనిఖీకి వచ్చినవాళ్ళ కంట్లో నలుసు.

భవిష్యత్తుకు వద్దాం. వెంటిలేటర్లు వచ్చాయి, ఇల్లలికారు, ఇక పండగే. లోపలి ఆక్సిజన్ సెన్సారు చిన్న బ్యాటరీ లాంటిది. అట్టపెట్టెలో పడుకోబెట్టినా గాలి తగులుతూనే అరుగుతుంది, ఏడాది రెండేళ్ళలో మార్చాలి. 7,000 లీటర్ల పెద్ద సిలిండరు ముక్కులోకి ఆక్సిజన్‌ను జోరుగా పంపుతూ నిమిషానికి 60 లీటర్లు తాగే హై-ఫ్లో యంత్రానికి రెండు గంటలు కూడా రాదు. ఒక్క ఐసీయూ పడక పక్కన రేయింబవళ్ళు ఒక నర్సు ఉండాలంటే వారానికి 21 షిఫ్టులు; మనిషికి 5 షిఫ్టులు, సెలవులు కలుపుకుంటే అయిదుగురు. పది యంత్రాలకు యాభై మంది. యంత్రాల ఫొటోలో వీళ్ళు పట్టరని కాబోలు, తీసుకోలేదు. ఇప్పుడు కృత్రిమ మేధ కూడా వస్తోంది. ఇవాళ ఎన్ని పడకలు కావాలో తెల్లవారకముందే చెబుతుందట. అవి ఏడింటికి గానీ ఖాళీ కావని దానికి ఎవరైనా చెప్పాలి.

1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో చెలరేగింది. ఊపిరాడని తొలి 31 మందిలో 27 మంది చనిపోయారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు గొంతులో గొట్టం పెట్టి రబ్బరు సంచిని చేత్తో నొక్కిస్తే మనిషి బతుకుతాడని చూపించాడు. దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా, రాత్రింబవళ్ళు, నెలల తరబడి నొక్కారు. ఇవాళ్టి ఐసీయూ అక్కడ పుట్టింది.

ఆ ప్రతిపాదన ఇప్పుడు కొనుగోళ్ళ కమిటీకి వస్తే? రబ్బరు సంచులకు అనుమతి దొరుకుతుంది, మూడు కొటేషన్లు జత చేస్తే చాలు. చేతుల దగ్గరే ఫైలు ఆగుతుంది: వారంటీ ఎన్నేళ్ళు, వార్షిక నిర్వహణ ఒప్పందం ఎవరితో అన్న గళ్ళు ఖాళీగా ఉన్నాయని.