అమ్మిన ఆటను ఆపేసే హక్కు ఎవరిచ్చారు?

2026 జనవరి 12న ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే అమెరికా గేమ్ కంపెనీ ఆంథెమ్ అనే వీడియో గేమ్ సర్వర్లను, అంటే ఇంటర్నెట్ ద్వారా ఆ ఆటను నడిపించే కంపెనీ కంప్యూటర్లను, ఆపేసింది. 2019 ఫిబ్రవరిలో 60 డాలర్లకు అమ్మిన ఆట అది. కొన్నవాళ్ల దగ్గర డిస్కు ఉంది, రశీదు ఉంది, ఆట మాత్రం లేదు. ఒక్కరే కూర్చుని ఆడుకుందామన్నా కుదరదు, ఎందుకంటే దాన్ని మొదటి నుంచీ ఇంటర్నెట్ ఉంటేనే నడిచేలా తయారుచేశారు. ఆరు నెలల ముందే చెప్పాం కదా అన్నది కంపెనీ మాట. ముందే చెప్పి తీసుకెళ్తే మాత్రం తీసుకెళ్లినట్టు కాదా?

ఎక్కడో కెనడాలో తయారైన ఆట ఆగిపోతే నల్లగొండలో పత్రిక నడిపే మీకేం నొప్పి అని కొందరు అడుగుతారు. నొప్పి ఉంది కాబట్టే రాస్తున్నాం.

క్లాక్ టవర్ దగ్గర ఓ పాత ఇంటర్నెట్ సెంటర్ ఉంది. ఇప్పుడక్కడ ఎక్కువగా నడిచేది ఆన్‌లైన్ అప్లికేషన్లు, జిరాక్సులు, హాల్‌టికెట్ల ప్రింట్లు. మూలకున్న ఒక్క కంప్యూటర్‌లో మాత్రం ఇదే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ 2006లో విడుదల చేసిన క్రికెట్ 07 ఇంకా నడుస్తోంది. కీబోర్డు మీద బాణం గుర్తులు పూర్తిగా అరిగిపోయాయి, ఆస్ట్రేలియా వ్యాఖ్యాత రిచీ బెనో కామెంటరీ స్పీకర్‌లో గరగరమంటూ వస్తుంది, కాలేజీ వదిలాక ఇద్దరు ముగ్గురు పిల్లలు ఒకే కుర్చీ చుట్టూ మూగుతారు. ఆ ఆట వచ్చినప్పుడు ఇండియా జట్టు అసలు పేర్లు వాడుకునే లైసెన్స్ కంపెనీకి లేదు, మన ఆటగాళ్ల పేర్లు అక్షరాలు మార్చి పెట్టారు. ఇప్పుడు అదే ఆటలో నిరుటి ఐపీఎల్ జెర్సీలు కనిపిస్తాయి, అసలు పేర్లు కనిపిస్తాయి. ఇదంతా కంపెనీ చేసింది కాదు. కంపెనీ ఆ క్రికెట్ ఆటల వరుసను అక్కడితోనే వదిలేసింది. అభిమానులే రాత్రులు కూర్చుని ప్యాచ్‌లు, అంటే ఆటలో మార్పులు తెచ్చే ఫైళ్లు, తయారుచేసి ఒకరికొకరు పంచుకున్నారు. అప్పట్లో మన దగ్గర తిరిగిన సీడీలు చాలావరకు కాపీలే, అది తప్పే, దాన్ని మేము వెనకేసుకురావడం లేదు. కానీ 19 ఏళ్ల తర్వాత కూడా ఆ ఆట బతికి ఉందంటే కారణం ఒక్కటే. దాన్ని దూరం నుంచి ఆపేసే స్విచ్ ఎవరి చేతిలోనూ లేదు. అదే కంపెనీ 2019లో అమ్మిన ఆటకు ఆ స్విచ్ పెట్టారు, ఏడేళ్లు నిండకముందే నొక్కేశారు.

ఈ కంపెనీ చరిత్ర తెలిసినవాళ్లకు కోపం ఇంకా ఎక్కువ వస్తుంది. యాపిల్‌లో ఉద్యోగం వదిలి ట్రిప్ హాకిన్స్ 1982లో దీన్ని మొదలుపెట్టినప్పుడు, ఆట రాసేవాడు కళాకారుడు, వాడి పేరు అట్ట మీద ఉండాలి అన్నారు. మ్యూజిక్ ఆల్బమ్‌లా అందమైన అట్టల్లో ఆటలు అమ్మారు. కంప్యూటర్ మనిషిని ఏడిపించగలదా అంటూ పత్రికల్లో ప్రకటన ఇచ్చిన కంపెనీ ఇది. 2005లో వచ్చిన కార్ల రేసు ఆట నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ ఆడని పిల్లవాడు మన సెంటర్లలో ఆ రోజుల్లో లేడనే చెప్పాలి. అలాంటి కంపెనీ బుల్‌ఫ్రాగ్, వెస్ట్‌వుడ్, విసెరల్ లాంటి ఆటలు తయారుచేసే స్టూడియోలను తన చేతుల్లో పెట్టుకుని ఒక్కొక్కటే మూసేసింది. 2017లో స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో పైసలు పెట్టి తెరిచే లాటరీ పెట్టెలు పెట్టి ప్రపంచమంతా తిట్లు తిన్నది. బెల్జియం వాటిని జూదం కింద లెక్కగట్టాక, 2019లో అక్కడ తన ఫుట్‌బాల్ ఆటలో అలాంటి పెట్టెలు కొనడానికి వాడే ఫిఫా పాయింట్ల అమ్మకం ఆపుకోవాల్సి వచ్చింది. నాణ్యత పడిపోవడం ఒక్క రోజులో జరగలేదు. ఆట బాగుండాలన్న పట్టుదల పోయి, ఆడేవాడి జేబును ఏళ్లకేళ్లు పట్టుకుని ఉండాలన్న యావ వచ్చినప్పటి నుంచీ పడుతూనే ఉంది.

సర్వర్లు నడపడానికి ఖర్చవుతుంది, ఆడేవాళ్లు తగ్గిపోయాక ఎంతకాలం నడపాలి అని పరిశ్రమ వాదిస్తోంది. ఖర్చు నిజమే. ఎల్లకాలం నడపమని ఎవరూ అడగడం లేదు. పోయే ముందు ఆఫ్‌లైన్‌లో ఆడుకునేలా ఒక మార్పు చేయండి, లేదంటే సర్వర్ ప్రోగ్రామ్‌ను ఆటగాళ్లకే ఇచ్చేయండి, వాళ్ల తిప్పలు వాళ్లు పడతారు అని మాత్రమే అడుగుతున్నారు. కుదరదనే మాటను మేము నమ్మం. 2013లో ఇదే కంపెనీ సిమ్‌సిటీని ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోని ఆటగా అమ్మింది, మొదటి రోజుల్లోనే సర్వర్లు కూలి కొన్నవాళ్లు తల పట్టుకున్నారు, ఆఫ్‌లైన్ కుదరదన్నారు, చివరికి 2014 మార్చిలో అదే ఆటకు ఆఫ్‌లైన్ ఇచ్చారు. కాబట్టి చేయడం చేతకాక కాదు, చేయాలన్న మనసు లేక.

అసలు మా భయం ఒక ఆట గురించి కాదు. కొన్న వస్తువును అమ్మినవాడు వెనక్కి లాక్కోవచ్చు అన్న పద్ధతి ఒకసారి అలవాటైతే అది ఆటల దగ్గర ఆగదు. మన జిల్లాలో బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ పెట్టుకున్న రైతులు ఎందరో. రాత్రిపూట పొలానికి పోకుండా ఇంట్లోంచే ఫోన్‌తో మోటారు వేస్తున్నారు. ఇలాంటి పరికరాల్లో కొన్నింటికి వెనక కంపెనీ సర్వర్ పనిచేయాలి. రేపు ఆ కంపెనీ ఈ మోడల్‌కు ఇక సేవలు లేవు అంటే, మడిలో నీళ్లు పారాల్సిన సమయానికి రైతు ఎవరిని అడగాలి? పిల్లల కోసం కొన్న డిజిటల్ పాఠాలు, ఇంటికి పెట్టుకున్న కెమెరా, అన్నిటిదీ ఇదే కథ. పైసలు పూర్తిగా కట్టాక వస్తువు ఎవరిది? ఈ ఒక్క ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పమంటే కంపెనీలు నలభై పేజీల షరతులు చూపిస్తాయి, మీరు ఓకే నొక్కారు కదా అంటాయి. కొన్నది ఆట కాదట, ఆడుకునే అనుమతి మాత్రమేనట. మరి అమ్మేటప్పుడు ఆ మాట పెద్దక్షరాల్లో ఎందుకు రాయలేదు? కాలిఫోర్నియా రాష్ట్రం 2025 జనవరి నుంచి ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడొద్దని చట్టమే చేసింది. యూరప్‌లో అమ్మిన ఆటలను చంపొద్దంటూ 10 లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు.

ఇక మీదట ఇది ఇంకా ముదురుతుందనే మా అనుమానం. 2025 సెప్టెంబర్‌లో సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి, సిల్వర్ లేక్, అఫినిటీ పార్ట్‌నర్స్ అనే అమెరికా పెట్టుబడి సంస్థలు కలిసి ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను 5,500 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించాయి. అందులో 2,000 కోట్ల డాలర్లు అప్పు. ఆ అప్పుకు వడ్డీ ఎక్కడి నుంచి వస్తుంది? లాభం తక్కువున్న ఆటను ఇంకో ఏడాది నడుపుదాం అనే ఓపిక వడ్డీ కట్టేవాడికి ఉండదు. ఆంథెమ్ విషయంలో ఎవరూ అడగకపోతే తర్వాతి ఆటకు ఆరు నెలల నోటీసు కూడా ఉండదు.

మన దగ్గర మాత్రం ఉలుకూ లేదు పలుకూ లేదు. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లోనే నిషేధించిన రాష్ట్రం మనది, 2025లో కేంద్రం కూడా అదే దారిలో చట్టం చేసింది, మంచిదే. కొన్న ఆటను ఆపేయడం గురించి మాత్రం మాట లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అనే మాట ఉంది. అమ్మిన వస్తువును ఎప్పుడైనా ఆపేస్తాం అనే షరతు అన్యాయం కాకపోతే ఇంకేది అన్యాయం? గేమింగ్, యానిమేషన్ కోసమే 2016లో పాలసీ తెచ్చుకున్నాం, ఈ కంపెనీకి హైదరాబాద్‌లోనే పెద్ద ఆఫీసు ఉంది. గేమింగ్ కంపెనీల రిబ్బన్లు కత్తిరించడానికి, ఫొటోలు దిగడానికి మంత్రులకు, ఐటీ అధికారులకు తీరిక దొరుకుతోంది. కొన్నవాడి తరఫున ఒక్క ఉత్తరం రాయడానికి దొరకదా? వినియోగదారుల దినోత్సవం రోజు కలెక్టరేట్‌లో మైకు పట్టుకుని రశీదు అడగండి, హక్కులు తెలుసుకోండి అని మాకు పాఠాలు చెప్పేది మీరే కదా. రశీదు ఉంది. వస్తువేది?