నీ వయసెంత, నీ మాటెంత?

ఈ మాట పడకుండా పెద్దయినవాళ్లు ఎవరైనా ఉన్నారా అంటే మాకైతే కనిపించలేదు. కాస్త మర్యాదస్తులైతే ఇంకొంచెం ఎక్స్‌పీరియన్స్ రానీ అంటారు, లేదంటే పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని సామెత ఉండనే ఉంది. వయసు వివక్ష అనగానే ముసలివాళ్ల సంగతే గుర్తొస్తుంది గానీ, 2021లో డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన రిపోర్టు ఇది కుర్రాళ్లకీ తగులుతోందని క్లియర్‌గానే చెప్పింది.

క్లాడెట్ కాల్విన్ అనే నల్లజాతి అమ్మాయి సంగతే చూడండి. 1955 మార్చి 2, అమెరికాలో మాంట్‌గోమరీ, స్కూల్ అయిపోయి బస్సులో ఇంటికి పోతోంది, తెల్లావిడకి సీటివ్వమంటే లేవనంది. 15 ఏళ్ల పిల్లని పోలీసులు బస్సులోంచి లాక్కెళ్లారు. నల్లవాళ్ల హక్కుల ఉద్యమానికి గుర్తుగా అందరూ చెప్పుకునే రోజా పార్క్స్ ఇదే పని చేయడానికి ఇంకా 9 నెలలుంది! మరి ఆ ఉద్యమం ఈ పిల్ల పేరు మీద ఎందుకు నడవలేదు అంటే, చిన్నది, ఆవేశం ఎక్కువ, పైగా తర్వాత గర్భం వచ్చింది అని పక్కన పెట్టేశారు, పెట్టింది పరాయివాళ్లు కూడా కాదు, సొంత ఉద్యమంలో పెద్దలే. కానీ 1956లో బస్సుల్లో వేరు సీట్లు చెల్లవని తేల్చిన కేసులో ఆమె కూడా ఒక వాది. అంటే ముందు నిలబెట్టడానికి పనికిరాని పిల్ల సాక్ష్యం చెప్పడానికి మాత్రం పనికొచ్చింది.

లూయీ బ్రెయిల్‌దీ అంతే, 15 ఏళ్లకే 1824లో చూపులేనివాళ్లు వేళ్లతో చదివే చుక్కల లిపి చేసిపెడితే ఆయన చదివిన స్కూలు దాన్ని అధికారికంగా ఒప్పుకుంది 1854లో. అప్పటికి మనిషి పోయి 2 ఏళ్లు.

ఇప్పుడు అలా తోసేయడం తగ్గింది, దాని బదులు చప్పట్లు కొడుతున్నారు. యూత్ రిప్రజెంటేటివ్ అని ముందు వరసలో కూర్చోబెడతారు, అందరూ భోజనాలకి లేస్తున్న టైమ్‌లో మైక్ ఇచ్చి రెండు నిమిషాల్లో ముగించమ్మా అంటారు, ఆ వెంటనే ఫోటో. తీర్మానం కాగితం మాత్రం పొద్దున్నే టైప్ అయిపోయి ఫైల్లో రెడీగా ఉంటుంది. పత్రికలవాళ్లం మేమేం తక్కువ తినలేదు లెండి, "చిన్న వయసులోనే" అని హెడ్డింగ్ పెట్టి ఫోటో పెద్దగా వేస్తాం, వాళ్లు చెప్పిన పాయింటు దగ్గరకొచ్చేసరికి స్పేస్ లేదని కోసేస్తాం.

అనుభవం అక్కర్లేదని ఎవరూ అనట్లేదు. 2018లో వాతావరణ మార్పు మీద స్వీడన్ పార్లమెంటు ముందు ఒంటరిగా నిరసనకి కూర్చున్న 15 ఏళ్ల గ్రెటా థన్‌బర్గ్ తర్వాత పెద్దల్ని అడిగింది కూడా నా మాట కాదు, సైంటిస్టుల మాట వినండి అనే కదా. మేం అడిగేది ముందు వరసలో కుర్చీ కాదు, కమిటీలో ఓటు, మీటింగ్‌కి వారం ముందే కాగితాలు వాళ్ల చేతికి. ఆస్ట్రియా 2007లోనే 16 ఏళ్లకి ఓటు హక్కు ఇచ్చేసింది, కొంపలేం మునగలేదు.

అన్నట్టు, క్లాడెట్ మీద ఆనాడు పెట్టిన కేసు రికార్డుని కోర్టు కొట్టేసింది 2021లో. అప్పటికి ఆమెకి 82.