కారా, రోడ్ రోలరా? టూల్‌బార్ ఐకాన్లదీ ఇదే గొడవ

2022లో మునుగోడు ఉప ఎన్నికప్పుడు టీఆర్ఎస్ వాళ్లు హైకోర్టు దాకా వెళ్లారు గుర్తుందా, రోడ్ రోలర్ లాంటి గుర్తులు తీసెయ్యండి, మా కారులాగే ఉన్నాయి, మా ఓట్లు అటు పడిపోతున్నాయి అని. చాలామంది నవ్వారు గానీ నాకైతే అందులో పాయింట్ ఉందనిపించింది. రోడ్డు మీద వాటిని చూసి పొరబడేవాడు ఎవడూ ఉండడు. ఈవీఎం మీద మాత్రం రంగుండదు, రెండిటి సైజూ ఒకటే, ఇక మిగిలేది ఆకారం ఒక్కటేగా.

టూల్‌బార్ ఐకాన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌లో పైన వరసగా ఉండే బటన్ల బొమ్మలు, చేసేవాళ్లు ఒక్కో బొమ్మని స్క్రీన్ నిండా పెద్దది చేసుకుని అర్థమవుతుందా లేదా అని చూస్తారు, పక్కదానిలో కలిసిపోతోందా అని చూసేవాళ్లు తక్కువ. 2020లో గూగుల్ జీమెయిల్, క్యాలెండర్, డ్రైవ్, మీట్ అన్నిటికీ అవే రంగులు పూసింది. విడిగా చూస్తే ముచ్చటగానే ఉన్నాయి, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు పక్కపక్కన తెరిస్తే మాత్రం ఏది ఏదో తెలీక జనం తిట్టుకున్నారు.

1984 ఆపిల్ మాకింతోష్ కంప్యూటర్‌కి సూజన్ కేర్ ఐకాన్లు గీసినప్పుడు ఆమెకి ఉన్నది అడ్డం 32, నిలువు 32 చుక్కలు, అదీ నలుపూ తెలుపే. గ్రాఫ్ పేపర్ మీద గడులు నింపుకుంటూ వేసింది, మనిళ్లలో సంక్రాంతి ముగ్గులు ముందు నోట్‌బుక్‌లో వేసి చూసుకుంటారే, అలా. అంత ఇరుకులో సోకులకి చోటేదీ, ఆకారం తేడాగా ఉండి తీరాల్సిందే.

సేవ్ బటన్ మీది ఫ్లాపీ (పాతకాలం కంప్యూటర్ డిస్కు) బొమ్మ తీసెయ్యాలి అనేవాళ్లతో అందుకే నాకు పేచీ. సోనీ జపాన్‌లో వాటి అమ్మకాలు 2011లోనే ఆపేసింది, ఇప్పటి పిల్లలు ఫ్లాపీని చూసి కూడా ఉండరు, అయినా సేవ్ అంటే అదే నొక్కుతారు. 'క' అక్షరం అలాగే ఎందుకుందని మనం ఎప్పుడైనా అడిగామా? పైగా మూల తెగిన ఆ చదరం లాంటిది టూల్‌బార్‌లో ఇంకోటి ఉండదు. దాని బదులు మేఘం, బాణం పెడితే అది అప్‌లోడో డౌన్‌లోడో తేల్చుకునే పని మన నెత్తిన పడుతుంది. భూతద్దం చూడండి, ఒకచోట సెర్చ్, ఇంకోచోట జూమ్, కొన్ని పీడీఎఫ్ యాప్స్‌లో రెండూనూ!

మా మావయ్య మెడికల్ షాపులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఆమధ్య అప్‌డేట్ అయింది. రంగుల బటన్లు పోయి అన్నీ సన్నటి బూడిద రంగు గీతలయ్యాయి, కింద ఉన్న పేర్లు కూడా ఎత్తేశారు. బిల్లు ప్రింట్ చెయ్యబోయి రెండుసార్లు క్యాన్సిల్ కొట్టాడు, కౌంటర్ ముందు జనం. మూడోరోజు వెళ్తే మానిటర్ పైఅంచున, టూల్‌బార్‌కి సరిగ్గా పైన, మందుల అట్టపెట్టె ముక్కలు టేపేసి అంటించి ఉన్నాయి. స్కెచ్ పెన్నుతో 'ప్రింట్', 'సేవ్', మూడోదాని మీద ఎర్రగా 'ముట్టుకోకు'.